హాలిఫాక్స్ సెంట్రల్ లైబ్రరీ రివ్యూ: పైసా ఖర్చు లేకుండా రోజంతా కూర్చోగలిగే చోటు

కెనడాలోని హాలిఫాక్స్‌కి కొత్తగా వచ్చే మనవాళ్లు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. ఇండియన్ గ్రోసరీ ఎక్కడ దొరుకుతుంది, రూమ్ రెంట్ ఎంత, ఏ ఫోన్ ప్లాన్ తీసుకోవాలి, చలికి జాకెట్ ఇండియాలో కొనాలా ఇక్కడ కొనాలా. లైబ్రరీ గురించి అడిగినవాళ్లు నాకైతే ఇంతవరకు తగల్లేదు. కానీ నన్ను ఎవరడిగినా సామాన్లు సర్దుకోగానే ముందు స్ప్రింగ్ గార్డెన్ రోడ్డు మీదున్న సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కార్డు తీసుకోండి, మిగతావన్నీ తర్వాత అంటాను. ఈ ఊళ్లో ఉంటున్న మనిషిగా, చిన్నపిల్లాడి తల్లిగా చెప్తున్నా, ఇక్కడ నాకు బాగా నచ్చిన బిల్డింగ్ ఇదే, బిల్డింగే కాదు, ముందు జనాన్ని అడిగి కట్టిన తీరు కూడా బాగుంది, అందుకే కొంచెం పెద్దదైనా వివరంగా రాస్తున్నా.

ముందు బిల్డింగ్ గురించి. స్ప్రింగ్ గార్డెన్ రోడ్డు, క్వీన్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉంటుంది, ఒకప్పుడు అక్కడ ఉన్నది ఒట్టి పార్కింగ్ లాట్. 2014 డిసెంబర్ 13న తెరిచారు, ఖర్చు 5 కోట్ల 76 లక్షల డాలర్లు, అందులో ఊరి మునిసిపాలిటీ డబ్బుతో పాటు ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) డబ్బు, కేంద్ర ప్రభుత్వం డబ్బు కూడా ఉన్నాయి. డిజైన్ చేసింది డెన్మార్క్‌కి చెందిన ష్మిట్ హామర్ లాసెన్ అనే కంపెనీ, దాంతో పాటు ఇక్కడి లోకల్ ఆర్కిటెక్ట్‌లు ఫౌలర్ బాల్డ్ అండ్ మిచెల్. చూడ్డానికి పెద్ద పెద్ద గాజు పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం తిప్పి పేర్చినట్టు ఉంటుంది, అన్నిటికంటే పైనున్న పెట్టె ముందుకి పొడుచుకొచ్చి గుమ్మం ముందున్న ఖాళీ స్థలం మీదుగా గాల్లో నిలబడి ఉంటుంది. ఓపెన్ చేసిన ఏడాదే సీఎన్ఎన్ వాళ్లు ఆ సంవత్సరం ప్రపంచంలో చూడదగ్గ కొత్త కట్టడాల లిస్టులో వేశారు, తర్వాత 2016లో కెనడాలో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే గవర్నర్ జనరల్ మెడల్ వచ్చింది. దాదాపు ఐదు లక్షల జనాభా ఉన్న ఊరు, టొరంటో కాదు వాంకూవర్ కాదు, ఆ స్థాయి ఊరికి ఇలాంటిది రావడం చిన్న విషయం కాదండి.

లోపలికి అడుగు పెట్టగానే తల పైకెత్తి చూస్తారు, చూడకుండా ఉండలేరు. మధ్యలో పైవరకూ ఖాళీ, దానికి అడ్డంగా ఏటవాలుగా మెట్లు ఒకటి ఇటు ఒకటి అటు వెళ్తుంటాయి, ఆ మెట్ల మీద ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, మధ్యలో ఆగి ఫోటో తీసుకునేవాళ్లు అందరూ కింద నుంచి కనిపిస్తారు. లిఫ్టులు ఉన్నాయి, కానీ మొదటిసారి మాత్రం మెట్లెక్కే వెళ్లండి. ఇంకోటి, చాలామంది దాటిపోయేది, గోడ మీద క్లిఫ్ ఐలాండ్ అనే ఆర్టిస్ట్ వేసిన చిన్న చిన్న పెయింటింగ్స్ ఉంటాయి, ఒక్కోటి పాత లైబ్రరీ కేటలాగ్ కార్డు సైజు, అంటే మూడు అంగుళాలు బై ఐదు అంగుళాలు, అలాంటివి ఐదు వేలు. ఐదు వేలండి! దూరం నుంచి చూస్తే ఏదో రంగురంగుల డిజైన్ అనుకుంటాం, దగ్గరికెళ్తే ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ. మా వాడు ప్రతిసారీ అక్కడ నిలబడి తనకి నచ్చిన బొమ్మ వెతుక్కుంటాడు, ఎప్పుడూ కొత్తది ఒకటి దొరుకుతుంది.

పైన ఐదో ఫ్లోర్, అంటే మన లెక్కలో నాలుగో అంతస్తు (ఇక్కడ కింద ఫ్లోర్‌నే ఒకటి అంటారు), దానికి హాలిఫాక్స్ లివింగ్ రూమ్ అని పేరు. చుట్టూ గాజు, మెత్తని కుర్చీలు, బయట టెర్రస్. ఒకవైపు సిటడెల్ కొండ (పాత కోట ఉన్న కొండ), ఇంకోవైపు హార్బర్ వైపు ఊరంతా. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయే ఊరు ఇది, బేస్‌మెంట్ ఇళ్లల్లో ఉండేవాళ్లకి రోజుల తరబడి వెలుతురు మొహం మీద పడదు, అలాంటి వాళ్లు మధ్యాహ్నం రెండింటికి వెళ్లి ఆ కిటికీ పక్కన ఒక గంట కూర్చుంటే తేడా తెలుస్తుంది. ఏమీ ఆర్డర్ చెయ్యక్కర్లేదు, ఎవరూ వచ్చి ఇంకెంతసేపు అని అడగరు. లోపల కాఫీ దొరుకుతుంది, తాగితే తాగండి లేకపోతే లేదు. నా దృష్టిలో ఈ బిల్డింగ్‌లో మిగతావన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

ఎందుకంటే ఈ ఊళ్లో ఇళ్ల పరిస్థితి తెలిసినవాళ్లకి తెలుసు. 2021, 2022, 2023 మూడేళ్లూ హాలిఫాక్స్‌లో ఖాళీగా ఉన్న అద్దె అపార్ట్‌మెంట్లు 1 శాతం. అంటే వందలో ఒక్కటి. ప్రావిన్స్ గవర్నమెంట్ అద్దెలు ఏడాదికి 2 శాతం కంటే పెంచకూడదని 2020 చివర్లో క్యాప్ పెట్టింది, 2024 నుంచి దాన్ని 5 శాతం చేసింది, కానీ ఆ క్యాప్ ఇప్పటికే అద్దెకి ఉంటున్నవాళ్లకే, కొత్తగా వచ్చి ఇల్లు వెతుక్కునేవాళ్లకి దాని వల్ల ఒరిగేది తక్కువ, ఇల్లుగలాయన కొత్త అద్దె ఎంత చెప్తే అంత. దాంతో మన స్టూడెంట్స్ ముగ్గురు నలుగురు ఒక రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో సర్దుకుంటారు, హాల్లో కర్టెన్ కట్టి ఒకరు పడుకుంటారు, ఒకరికి నైట్ షిఫ్ట్, ఒకరికి పొద్దున్నే క్లాసు, ఇంకొకరు వంట. అక్కడ అసైన్‌మెంట్ రాయమంటే ఎక్కడ రాస్తారు? డల్‌హౌసీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కోర్సులు నడిచే సెక్స్టన్ క్యాంపస్ ఈ లైబ్రరీకి పక్కనే, నడిస్తే ఐదు నిమిషాలు కూడా పట్టదు. మన తెలుగు పిల్లలు ఇంటర్‌నెట్‌వర్కింగ్ అనీ ఇంకోటనీ చేరేది ఎక్కువగా అక్కడే. సాయంత్రం ఏ ఫ్లోర్‌కి వెళ్లినా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇయర్‌ఫోన్స్‌లో ఇంటికి ఫోన్ మాట్లాడుకుంటూ "ఆ తిన్నానమ్మా, ఆ పడుకుంటా" అని చెప్తున్న గొంతు ఒకటైనా వినిపిస్తుంది.

పిల్లలుంటే వాళ్లకి రెండో ఫ్లోర్ చూపించండి చాలు, ఇంక వాళ్లే మిమ్మల్ని లాక్కెళ్తారు. పుస్తకాలు వాళ్లకి అందే ఎత్తులో ఉంటాయి, ఆడుకోడానికి స్థలం, కథలు చదివి వినిపించే సెషన్లు, కొంచెం పెద్ద పిల్లలకి గేమ్స్, పాటలు రికార్డ్ చేసుకునే చిన్న స్టూడియోలు. మంచు పడే నెలల్లో పార్కులకి తీసుకెళ్లలేం, మాల్‌కి వెళ్తే ఏదో ఒకటి కొనమని పేచీ, అప్పుడు ఇదే దిక్కు. సంగీతం వాయిద్యాలు కూడా పుస్తకాల్లాగే ఇంటికి ఇస్తారు, ఉకులేలే, గిటార్ లాంటివి. మన పిల్లలకి నేర్పిద్దామనుకుని ముందే రెండు వందల డాలర్లు పోసి కొని అది మూలన పడేసేకంటే తెచ్చుకుని నాల్రోజులు వాయించి చూస్తే సరిపోతుంది. 2020 నుంచి ఆలస్యంగా తిరిగిస్తే ఫైన్ అనేది ఎత్తేశారు, పోగొడితే మాత్రం కట్టాలి. ఈ ఫైన్ భయంతోనే కార్డు తీసుకోని ఇళ్లు చాలా ఉన్నాయి, మరీ ముఖ్యంగా నలుగురు పిల్లలుండి ఒక్కొక్కరు పది పుస్తకాలు తెచ్చుకునే ఇళ్లు, కాబట్టి ఇది చాలా మంచి పని.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇంగ్లీష్ మాట్లాడడం ప్రాక్టీస్ చేసే గ్రూపులు ఉంటాయి, సిటిజన్‌షిప్ పరీక్షకి ప్రిపేర్ అవ్వడానికి సాయం చేస్తారు, అవన్నీ ఉచితం. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లోనే ఉండిపోయే ఆడవాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్తున్నా, ఆ గ్రూపులకి వెళ్లండి. ఇంగ్లీష్ రాక కాదు, మనకి వచ్చు, కానీ నోరు విప్పి నలుగురితో మాట్లాడే సందర్భం లేక మనసు మూసుకుపోతుంది. అక్కడ సిరియా ఆవిడ, యుక్రెయిన్ ఆవిడ, ఫిలిప్పీన్స్ ఆవిడ, అందరూ మనలాగే వచ్చినవాళ్లే, ఎవరి ఇంగ్లీష్ వాళ్లది. మా నాన్నగారు రిటైర్డ్ టీచర్, విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోలేక ఇబ్బంది పడ్డారు, తర్వాత 1వ నంబర్ బస్సెక్కి ఇక్కడికి రావడం నేర్చుకున్నారు, పేపర్లు చదువుకుని, పైకెళ్లి ఊరు చూసి, సాయంత్రానికి ఇంటికి. ఆయన అన్నమాట ఒకటి చెప్పాలి, "పని లేనివాణ్ణి కూడా ఇక్కడ మర్యాదగా కూర్చోనిస్తున్నారే" అన్నారు. నాకైతే ఇంతకంటే మంచి రివ్యూ రాయడం రాదు.

ఇంకా కింద ఫ్లోర్‌లో పాల్ ఓ'రీగన్ హాల్ అని ఆడిటోరియం ఉంది, సుమారు మూడొందల మంది పడతారు, కచేరీలు, ఉపన్యాసాలు, సినిమాలు. చాలావరకు ఫ్రీ.

ఇప్పుడు ఊరి సంగతి. ఈ లైబ్రరీ విలువ తెలియాలంటే ఈ ఊళ్లో అంతకు ముందు ఏం కట్టారో, ఏం కూలగొట్టారో కొంచెం తెలియాలి. 1960ల్లో ఇక్కడి పెద్దలకి అభివృద్ధి అంటే కూల్చడం. డౌన్‌టౌన్‌లో పాత వీధులు, ఇళ్లు తీసేసి స్కోషియా స్క్వేర్ అనే షాపింగ్, ఆఫీసుల కాంప్లెక్స్ కట్టారు, పక్కనే హార్బర్ అంచున పెద్ద రోడ్డు వేద్దామని కాగ్స్‌వెల్ ఇంటర్‌చేంజ్ అనే కాంక్రీట్ ఫ్లైఓవర్ల గుంపు కట్టారు, జనం గొడవ చేస్తే ఆ పెద్ద రోడ్డు ఆగిపోయింది, ఫ్లైఓవర్లు మాత్రం ఎటూ వెళ్లకుండా యాభై ఏళ్లు అలాగే నిలబడ్డాయి. అదే కాలంలో ఊరి ఉత్తరం అంచున ఆఫ్రిక్‌విల్ అనే నల్లజాతివాళ్ల ఊరు ఉండేది, తరతరాలుగా ఉన్న ఊరు, వాళ్లకి నీళ్లు, డ్రైనేజీ ఇవ్వకుండా దశాబ్దాలు వదిలేసి, చివరికి మురికివాడ అని పేరు పెట్టి మొత్తం ఖాళీ చేయించారు, కొంతమంది సామాన్లు చెత్త తోలే ట్రక్కుల్లో తరలించారు, వాళ్ల చర్చిని 1967లో రాత్రికి రాత్రే కూల్చేశారు. 2010లో గాని మునిసిపాలిటీ క్షమాపణ చెప్పలేదు. ఇవి చదువుతుంటే మన దగ్గర ప్రాజెక్టుల కింద మునిగిపోయిన ఊళ్లు, పోలవరం ముంపు గ్రామాలు గుర్తొచ్చాయి నాకు, వేరే దేశమైనా ఆ బాధ మనకి తెలియనిది కాదు.

కాగ్స్‌వెల్‌ని 2021 చివర్లో కూల్చడం మొదలుపెట్టారు, 12 కోట్ల డాలర్ల పైనే ఖర్చు, ఆ జాగాలో మళ్లీ వీధులు, ఇళ్లు, పార్కులు వేస్తారు. అంటే తాతలు కట్టింది మనవలు డబ్బు పెట్టి మరీ తీసేయాల్సి వచ్చింది. ఈ ఊరు ఒక మంచి పని కూడా చేసింది అప్పట్లో, 1974లో సిటడెల్ కొండ మీద నుంచి హార్బర్ కనిపించే దారులకి అడ్డంగా ఎత్తు బిల్డింగులు కట్టకూడదని రూల్ పెట్టుకుంది. వ్యూ ప్లేన్స్ అంటారు. దాని వల్లే ఇప్పటికీ కొండ ఎక్కితే నీళ్లు కనిపిస్తాయి, లేకపోతే ఎప్పుడో మూసుకుపోయేవి. బిల్డర్లకి ఇష్టం ఉండదు, సహజమే. నేను మాత్రం ఆ రూల్ పక్షమే.

ఇలాంటి చరిత్ర ఉన్న ఊళ్లో లైబ్రరీ కట్టేటప్పుడు మాత్రం ముందు జనాన్ని పిలిచారు. ఆర్కిటెక్ట్‌లు గీసిన బొమ్మ తెచ్చి చూపించి అభిప్రాయం చెప్పండి అనడం కాదు, బొమ్మ గీయకముందే వరుసగా పబ్లిక్ మీటింగులు పెట్టి మీకు ఏం కావాలి అని అడిగారు, వెలుతురు కావాలి, పైన కూర్చుని ఊరు చూసే చోటు కావాలి, పిల్లలకి స్థలం కావాలి అని వచ్చినవాళ్లు చెప్పారు, కట్టినదాంట్లో అవి కనిపిస్తాయి. దగ్గర్లోనే నోవా సెంటర్ అని పెద్ద కన్వెన్షన్ సెంటర్, హోటల్, ఆఫీసులు కలిపి కట్టారు, 2016 మొదట్లో తెరుస్తామని చెప్పి 2017 డిసెంబర్‌కి తెరిచారు, అందులోనూ ప్రభుత్వాల డబ్బు చాలా ఉంది. కాన్ఫరెన్సులకి వచ్చేవాళ్లకి అది ఉపయోగమే, కాదనను. కానీ ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు గాని మనలా వచ్చినవాళ్లు గాని మంగళవారం మధ్యాహ్నం ఊరికే అక్కడికి వెళ్లి కూర్చోరు కదా. లైబ్రరీకి వెళ్తారు. పన్నుల డబ్బుతో కట్టే కట్టడాన్ని నేను చూసేది ఆ లెక్కన.

లైబ్రరీ వచ్చాక చుట్టుపక్కల కూడా మారిపోయింది. వెనక క్లైడ్ స్ట్రీట్‌లో ఉన్న పార్కింగ్ లాట్లు పోయి పెద్ద అపార్ట్‌మెంట్లు వచ్చాయి, స్ప్రింగ్ గార్డెన్ రోడ్డు మీద పాత చిన్న షాపుల బ్లాక్ పోయి గాజు బిల్డింగ్ వచ్చింది, 2021లో రోడ్డు తవ్వి కరెంటు వైర్లు భూమిలోకి దింపి ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు. నడవడానికి ఇప్పుడు హాయిగా ఉంది. కానీ ఆ అపార్ట్‌మెంట్లలో అద్దెలు కట్టగలిగేవాళ్లు ఎవరు? లైబ్రరీలో రోజూ కూర్చునే స్టూడెంట్ అయితే కాదు. ఊరు మధ్యలో అందరూ వచ్చే బిల్డింగ్ ఒకటి కట్టి, దాని చుట్టూ డబ్బున్నవాళ్లే ఉండగలిగే ఇళ్లు కట్టుకుంటూ పోతే, ఇంకో ఇరవై ఏళ్లకి ఇక్కడికి వచ్చే జనం అందరూ గంట బస్సెక్కి రావాల్సి వస్తుంది. దీని గురించి నాకు నిజంగా దిగులుగా ఉంది.

ఇంకో దిగులు పాత లైబ్రరీ. అదే రోడ్డు మీద కాస్త అవతల స్ప్రింగ్ గార్డెన్ మెమోరియల్ లైబ్రరీ, యుద్ధాల్లో చనిపోయిన ఊరివాళ్ల గుర్తుగా 1951లో తెరిచింది, ముందు చర్చిల్ విగ్రహం. ఇంకా వెనక్కి వెళ్తే ఆ నేల పేదల ఆశ్రమంలో చనిపోయినవాళ్లని పూడ్చిన చోటు, వేలమంది. 2014లో కొత్తది రాబోతుందని దాన్ని మూసేశారు, మూశాక దాన్ని ఏం చెయ్యాలో తేల్చుకోలేక ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేశారు. కొత్తది కట్టడానికి అంత పద్ధతిగా జనాన్ని అడిగినవాళ్లు పాతదాని సంగతి కూడా అప్పుడే అడిగి తేల్చి ఉంటే బాగుండేది. ఖాళీగా వదిలేసిన బిల్డింగ్ ఏ ఊళ్లో అయినా పాడవుతుంది, పాడయ్యాక బాగుచేయడానికి ఖర్చెక్కువ అంటారు, అలా ఆ మాట నిజం అయ్యేదాకా చూస్తూ కూర్చుంటారు.

మన దగ్గర కూడా లైబ్రరీల చరిత్ర తక్కువేం కాదండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం అంతకంటే పాతది. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలు పొద్దున్నే వచ్చి సీటు కోసం నిలబడతారు, ఇంటి నుంచి తెచ్చుకున్న బాక్సు చెట్టు కింద తిని మళ్లీ లోపలికి. ఇక్కడి సెక్స్టన్ పిల్లలకీ వాళ్లకీ అవసరం ఒకటే, అద్దె గదిలో చదువుకునే జాగా లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని మనందరి దగ్గరా వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ డబ్బు సరిగ్గా లైబ్రరీలకి చేరితే, జిల్లాకి ఒకటి, ఇంత గొప్పగా అక్కర్లేదు, వెలుతురు, ఫ్యాన్లు, శుభ్రమైన బాత్రూములు, రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచడం, ఇంతవరకు చేసినా ఎంతమంది పిల్లలు బాగుపడతారో.

ఇక వెళ్లేవాళ్లకి పనికొచ్చేవి. అన్నిటికీ మించి సైలెన్స్ కావాలంటే మధ్య హాలు పక్కన కూర్చోకండి, పైదాకా ఖాళీ కాబట్టి కింద మాటలు పైకి వినిపిస్తాయి, గోడల వైపు లోపలికి వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది, చిన్న గదులు కూడా ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. డిసెంబర్, ఏప్రిల్ పరీక్షల టైమ్‌లో, వర్షం పడే వీకెండ్‌లో సీట్లు తొందరగా నిండుతాయి, పొద్దున్నే వెళ్లండి. కింద అండర్‌గ్రౌండ్ పార్కింగ్ ఉంది కానీ డబ్బులు కట్టాలి, డల్‌హౌసీ స్టూడెంట్స్‌కి బస్ పాస్ ఫీజులోనే వస్తుంది కాబట్టి బస్సే మేలు. కార్డుకి ఐడీ, ఇక్కడి అడ్రస్ ఉన్న ఏదైనా కాగితం తీసుకెళ్లండి, ఈ ఊళ్లో ఉండేవాళ్లకి ఫ్రీ. క్లేటన్ పార్క్ వైపు ఉండేవాళ్లు ప్రతిసారీ డౌన్‌టౌన్ దాకా రానక్కర్లేదు, అక్కడ కేషెన్ గుడ్‌మన్ లైబ్రరీ ఉంది, ఇక్కడి పుస్తకం అక్కడికి తెప్పించుకోవచ్చు, ఇచ్చేటప్పుడు ఏ బ్రాంచ్‌లో ఇచ్చినా తీసుకుంటారు. సెలవు రోజుల్లో టైమింగ్స్ మారతాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

రేటింగ్ 5కి నాలుగున్నర. ఆ అర మార్కు పాత లైబ్రరీ కోసం తగ్గించా.